గోంగూర మడిలో బొలోనియా

మా ఊరి పేరు వాన్. టొరంటోకి పైన ఉంటుంది. వాన్‌లో వాన పడితే నాకు పండగ. "వాన్‌లో వాన" అని నేనూ, "ఇక చాల్లెండి" అని మా ఆవిడ స్వర్ణకుమారీ ఏటా జంటగా పాడతాం. మా అమ్మాయి అబిగేల్ ఆ పాటకి చెవులు మూసుకుని తాళం వేస్తుంది. అయితే ఆ ఒక్క వేసవి వానల దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా జోకులకి నేనే గొడుగు పట్టుకుంటాను.

మాది జంట ఇల్లు. కప్పు ఒకటే, నడుమ గోడ ఒకటే. గోడకి అటు ఇటలీ, ఇటు ఇడ్లీ. ఇటలీ ఆయన పేరు రెంజో. పేరుకి తగ్గట్టే మనిషి మహా రంజు. జీవితమంతా ఇక్కడే హెయిర్ కటింగ్ షాపు నడిపి రిటైరయ్యాడు. కత్తెర పక్కన పెట్టాడు గానీ నాలుక పెట్టలేదు. నేను వేర్‌హౌస్‌లో షిఫ్ట్ సూపర్‌వైజర్ని. ఫోర్క్‌లిఫ్టుల రొద మీద అరిచి అరిచి నా గొంతు ఆ పై స్థాయిలోనే బిగుసుకుపోయింది. మేమిద్దరం పొద్దున్నే ఎదురుపడి గుడ్ మార్నింగ్ చెప్పుకుంటే వీధి చివర కుక్క లేచి కూచునేది.

ఆ ఏడు మేం ఇల్లు అమ్మేసి రిచ్‌మండ్ హిల్ పోదామనుకున్నాం. మనవాళ్లలో డాక్టర్లూ ఇంజనీర్లూ అందరూ అక్కడే. "రిచ్ వాళ్లకి హిల్లు, మనకి బిల్లు" అని జోకు వేసిందీ నేనే, ముందు బయల్దేరిందీ నేనే. ఇల్లు అమ్మిపెట్టే పెద్దమనిషి అమరేశ్వరరావు గారు. ఒకప్పుడు ఇరిగేషన్ ఇంజనీరు, ఇప్పుడు రియల్టరు. నేను ఆయన్ని మొహం ముందే అమ్మేశ్వరరావు గారూ అని పిలిచేవాణ్ణి. ఆయన నవ్వేవారు కాదు గానీ సమాధానం చెప్పేవారు.

"సెప్టెంబర్‌లో లిస్ట్ చేద్దామండీ కృపాదానం గారూ. ఈలోగా ఇంటి ముందర ఏదీ కదపకండి. కొనేవాడు మొదట చూసేది ముందు భాగమే."

మే నెలలో పక్కింటి ముందు ఎర్ర ఇటుకలు దిగాయి.

"ఏం కడుతున్నారు రెంజో, కోటా?" అని అడిగాను. మా ఇద్దరి మధ్యా నడిచేది ఇంగ్లీషే. ఆయన ఇంగ్లీషుకి ఇటలీ యాస, నా ఇంగ్లీషుకి పాలకొల్లు యాస.

"పోర్టికో."

"పోరు మీకెందుకో!" అన్నాను తెలుగులో. ఆయనకి ముక్క అర్థం కాలేదు. అయినా పగలబడి నవ్వాడు. అర్థం కాని జోకుకి కూడా నవ్వే గుణం ఉన్న మనిషి పక్కింట్లో దొరకడం మామూలు అదృష్టం కాదు. మా ఇంట్లో అర్థమయ్యి కూడా ఎవరూ నవ్వరు.

ఆయన ఇటుకల కుప్ప మీద కూచుని చెప్పడం మొదలుపెట్టాడు. "మా ఊరు బొలోనియా. ఎనిమిది వందల ఏళ్ల కిందట చదువుకోడానికి ఎక్కడెక్కడి కుర్రాళ్లో వచ్చి మా ఊరి మీద పడ్డారు. ఉండటానికి గదులేవి? ఇళ్లవాళ్లు పై గదుల్ని వీధి మీదికి జరిపి కట్టారు. కూలకుండా కింద దుంగలు నిలబెట్టారు. ఆ దుంగల మధ్య నుంచి జనం నడిచారు. వాన తగలదు, ఎండ తగలదు. అదీ పోర్టికో."

"అద్దెల కోసం ఊరు పెంచారన్నమాట! ఇక్కడ మనవాళ్లు స్టూడెంట్ల కోసం బేస్‌మెంటులు తవ్వినట్టే. మీరు మేడకి జరిగారు, మేం పాతాళానికి జరిగాం."

"ఆగు కృపా, అసలు సంగతి విను. తరవాత ఊరు చట్టం చేసింది. ఇల్లు ఎవడు కట్టినా ముందర పోర్టికో వదిలి తీరాలి. స్థలం నీది, ఇటుక నీది, మరమ్మతు నీది. నడక మాత్రం ఊరిది! ఎత్తెంతో తెలుసా? గుర్రమెక్కిన మనిషి తల తగలకుండా పోవాలి. దుంగలు పోయి ఇటుక కమానులు వచ్చాయి, ఇటుక పోయి రాతి స్తంభాలు వచ్చాయి. పెద్ద పెద్ద ప్రభువులు బొమ్మలేయించుకున్న మేడలు కట్టుకున్నారు. వాళ్లూ కింద దారి వదిలారు. ప్రభువు మేడ కిందా అదే నడక, జోళ్లు కుట్టేవాడి ఇంటి కిందా అదే నడక. మా ఊళ్లో గొడుగు మర్చిపోయి బయల్దేరితే ఎవడూ వెనక్కి వెళ్లడు."

నాకు చప్పున మా పేటలో ఇల్లు గుర్తొచ్చింది. తలుపుకి ఇటొకటి అటొకటి వీధి అరుగులు. ఉప్పు అమ్మే ఆవిడ బుట్ట దించుకునేది, పోస్టుమాన్ ఉత్తరాలు సర్దుకునేవాడు, బస్సు తప్పిపోయినవాళ్లు తరవాతి బస్సు దాకా మా అరుగు మీదే సంసారం చేసేవాళ్లు. ఎవరూ అడిగి కూచునేవాళ్లు కాదు. నాన్న మోటార్‌సైకిల్ కొన్నాక, అది పెట్టుకోడానికి ఒక అరుగు కొట్టించేశాడు. ఆ తరవాత చాలా రోజులు బస్సు తప్పినవాళ్లు వచ్చి, బండి వైపు ఒకసారి చూసి, ఎండలోనే నిలబడేవాళ్లు.

"మాక్కూడా ఉండేవి రెంజో. మీరు నడవటానికి వదిలారు, మేం కూచోటానికి వదిలాం. కానీ ఇప్పుడెందుకు ఇదంతా?"

ఆయన గొంతు మొట్టమొదటిసారి మామూలు మనిషి గొంతంత అయింది. "ఇవానా కోసం."

ఇవానా ఆయన భార్య. చిన్న మనిషి, చక్కని మనిషి. పెదాలకి రంగు, మోచేతికి హ్యాండ్‌బ్యాగు లేకుండా గుమ్మం దిగదు. మేం ఈ ఇంట్లోకి వచ్చిన రోజున "వాన్‌లో ఇవానా! ఈ వాన ఏ వాన?" అని నేనంటే, అర్థం చెప్పించుకుని మరీ నవ్వింది. అప్పటికి రెండేళ్లుగా ఆవిడకి జ్ఞాపకం జారిపోతోంది. మధ్యాహ్నం అయ్యేసరికి బ్యాగు తగిలించుకుని బయల్దేరుతుంది, బొలోనియాలో వాళ్లమ్మ ఇంటికి. గుమ్మంలో ఆగి ఆకాశం వైపు చూసి, "ఈ ఊరు ఎవరు కట్టారు, మనిషి నడవటానికి నీడే లేదు!" అని విసుక్కుని, అయినా దిగి వెళ్లిపోతుంది. ఏ సందులోనో దొరుకుతుంది.

"తలుపుకి తాళం వేశాను. కిటికీ దగ్గర నిలబడి ఏడ్చింది. మా ఆవిణ్ణి నేను బోనులో పెట్టలేను కృపా. నడవనీ. కమానుల కింద నడిస్తే ఊళ్లోనే ఉన్నాననుకుంటుంది, దూరం పోదు." చేతులు చాచి ఆయన ఇంటి వెడల్పు చూపించాడు, తరవాత మా ఇంటిది. "నా ముందు మూడు కమానులు పడతాయి. మూడైతే అది వరండా. నీ ముందు కూడా మూడు వెయ్యనిస్తే ఆరు. అప్పుడది వీధి."

పాపం ఆర్చులు ఆయనవి, తీర్చాల్సింది నేను. నేనేం చేశాను? జోకు వేశాను. "రెంజో, అక్కడ మా ఆవిడ గోంగూర మడి ఉంది. దాని జోలికొస్తే నేను మీ పోర్టికో కిందే పడుకోవాలి. పైగా మేం ఇల్లు అమ్ముతున్నాం కదా."

ఆయన నవ్వాడు. నవ్వాడు కాబట్టి మాట అక్కడితో తెగిపోయిందనుకున్నాను.

గోంగూర సంగతి అబద్ధం కాదు. మా పెరడంతా మేపుల్ చెట్ల నీడ. ఎండ కాసేది ఇంటి ముందు ఆ పట్టీ ఒక్కటే. స్వర్ణ అక్కడ గోంగూర వేసి, వేసవంతా కట్టలు కట్టి మా తెలుగు చర్చి సంఘంలో ఇంటింటికీ పంచేది. పాస్టరు గారి ప్రసంగం మర్చిపోయినవాళ్లు ఉన్నారు గాని మా ఆవిడ గోంగూర మర్చిపోయినవాళ్లు లేరు.

జూలై చివరికి రెంజో కమానులు మూడూ లేచాయి. అల్లుడొకడు సాయం పట్టాడు. ఇద్దరికీ మేస్త్రీ పని అంతంతమాత్రం. మధ్య కమాను తాగినవాడిలా పక్కకి ఒరిగింది. మాకు అటుపక్క ఇంటి రవి, వరంగల్ కుర్రాడు, రోజూ టొరంటో ఆఫీసుకి ట్రెయిన్లో పోయి వస్తాడు, ఆ సాయంత్రం బ్యాగు దించకుండానే వచ్చి నిలబడ్డాడు.

"అన్నా, ఈయన ఇల్లు కడుతుండా, ఊరు కడుతుండా? మన వీధి వ్యాల్యూ ఏం గావాలె?"

"కమాను ఒరిగింది రెంజో," అన్నాను నేను.

"మా ఊళ్లో గోపురాలే ఒరిగి ఉంటాయి! ఒకటైతే తొమ్మిది వందల ఏళ్లుగా ఒరిగే ఉంది. మొన్న మొన్న దాని చుట్టూ కంచె కట్టారు, పడుతుందేమోనని. తొమ్మిది వందల ఏళ్లకా భయం వేసేది!"

మర్నాటి నుంచి ఇవానా కమానుల కింద నడిచింది. ఒకటో కమాను, రెండో కమాను, మూడో కమాను. నడకలో ఎంత తేడా! రోడ్డు మీద తడబడే మనిషి ఇటుక నీడలో నిటారుగా, ఊరేదో తెలిసినదానిలా నడిచేది. మూడోది దాటగానే గోంగూర. అక్కడ ఆగేది. మొక్కల్ని చూసేది, ఆకాశాన్ని చూసేది. తరవాత పక్కకి దిగి కాలిబాట పట్టేది. రెంజో వెనక నుంచి వచ్చి కమాను కింద నిలబడి కమాన్, కమాన్ అని పిలుస్తుంటే నాకు నోటిదాకా వచ్చిన ముక్క మింగేసేవాణ్ణి. మూడు కమానులు నిజంగానే వరండా.

వాళ్లమ్మాయి లొరెదానా రిచ్‌మండ్ హిల్‌లో ఉంటుంది. మంచి పిల్ల. ఆదివారం వచ్చి అమ్మకి గోళ్లు కత్తిరిస్తుంది. ఒక ఆదివారం నేను చెత్తబుట్ట బయట పెడుతుంటే కమాను కింద నుంచి మాటలు వినపడ్డాయి.

"నాన్నా, నీ ఇటుకలు చాలా బాగున్నాయి. కానీ ఇంకొక్కసారి అమ్మ తప్పిపోతే నేను ఊరుకోను. వృద్ధుల హోమ్‌లో పేరు రాయించాను. చలికాలం రాకముందే చేర్పిద్దాం. మంచులో తప్పిపోతే ఎక్కడ వెతుకుతావు?"

రెంజో ఇటుకకి అంటిన సిమెంటుని గోటితో గీకుతున్న చప్పుడు వినపడింది.

ఆగస్టులో గృహ కూడిక వంతు మాది. మా సంఘంలో వేసవి వచ్చిందంటే వారానికొక ఇంట్లో ప్రార్థన, తరవాత భోజనం. ఆ శనివారం తెల్లారగట్ల మొదలైన వాన ఆగలేదు. జనం కార్లు దిగి పరుగు పరుగున వస్తున్నారు. మనవాళ్లు ఎంత వానలోనైనా చెప్పులతో ఇంట్లో అడుగు పెట్టరు గదా. మా గుమ్మం ముందు పైకప్పు లేదు. పక్కనే రెంజో మూడు కమానుల కింద పొడిగా, నున్నగా నేల. ముందెవరో ఒకరు పెట్టారు. ఆ జతని చూసి ఇంకొక జత. చెప్పులన్నీ చెప్పకుండా పక్కింటికి కాపురానికి వెళ్లిపోయాయి. పాస్టరు గారి బూట్లు, పిల్లల గంబూట్లు, ఆడవాళ్ల మెరుపు చెప్పులు, ఈ కొస నుంచి ఆ కొస దాకా. నేను కిటికీలోంచి చూసి, "రెంజో ఈవేళ జోళ్ల కొట్టు తెరిచాడు" అన్నాను. నవ్వారు కూడా. కీర్తనలు మొదలయ్యాయి, గోంగూర పప్పు అయింది, చేతులు కడుక్కున్నారు.

వెళ్లేటప్పుడు పాస్టరమ్మ గారు గుమ్మంలో నిలబడిపోయారు.

"స్వర్ణా, నా శాండిల్స్ కనపడట్లేదమ్మా."

"సరిగ్గా చూడండి ఆంటీ, ఆ చివర్న ఉంటాయి."

"చూశాను. నావి ఉన్నచోట ఇవి ఉన్నాయి."

ఇంట్లో వేసుకునే ఉన్ని స్లిప్పర్లు. లేత నీలం. రెండూ ఒకదానికొకటి ఆనించి, గుళ్లోకి వెళ్లినంత మర్యాదగా వదిలి ఉన్నాయి. స్వర్ణ వాటిని చేతిలోకి తీసుకుంది, తిప్పి చూసింది. ఆ క్షణంలోనే పక్కింటి తలుపు తెరుచుకుని, మధ్యాహ్నం కునుకు నుంచి లేచిన రెంజో తల బయటికి వచ్చింది. జోళ్ల వరసని ఒక కొస నుంచి ఇంకో కొసకి చూశాడు. ఎక్కడా అడుగు పెట్టే సందు లేదు.

"ఇవానా?" అన్నాడు. మమ్మల్నే అడిగినట్టు.

తరవాత నాకు గుర్తున్నవి ముక్కలే. చెప్పులు దొరికినవాళ్లు చెప్పులతో, దొరకనివాళ్లు సాక్సులతో వెతకడానికి కార్లెక్కారు. పాస్టరు గారు ప్యాంటు మడిచి పార్కు వైపు నడిచారు. రవి వాన కోటు తొడుక్కుని రెంజోని తన కార్లో ఎక్కించుకున్నాడు. ఎప్పుడొచ్చాడో నేను చూడలేదు. నేనూ అబిగేల్ మా వ్యాన్‌లో పెద్ద రోడ్డు పట్టాం. పెద్ద రోడ్డంటే ఆరు వరసల కార్లు. నేను ఆ రోడ్డు వైపు చూస్తూ ఒక్క ముక్క కూడా మాట్లాడలేదని తరవాత అబిగేల్ వాళ్లమ్మతో చెప్పింది, డాడ్‌కి ఒంట్లో బాగోలేదనుకున్నానని.

"డాడ్! స్టాప్. ప్లాజా!"

మా రోడ్డు మీద ఒక ప్లాజా ఉంది. బేకరీ, మందుల షాపు, పళ్ల డాక్టరు, ట్యాక్స్ ఆఫీసు, అన్నీ ఒకే వరస. వాటి ముందు పొడుగునా పైకప్పున్న నడవ, స్తంభాలతో. పదహారేళ్లుగా అక్కడే బ్రెడ్డు కొంటున్నాను. అక్కడ స్తంభాలున్నాయని నాకు ఆ రోజే తెలిసింది.

ఇవానా ఆ నడవలో నడుస్తోంది. భుజాలు తడిసి ఉన్నాయి, చేతికి బ్యాగు, కాళ్లకి పాస్టరమ్మ గారి మెరుపు శాండిల్స్. తొందర లేదు. బేకరీ అద్దంలో కేకుల్ని చూసింది. మందుల షాపు ముందు ఎవరో ఎదురొస్తే తల వంచి నమస్కారం లాంటిది పెట్టింది. నేను దిగబోతే అబిగేల్ నా చెయ్యి పట్టుకుంది.

"వెయిట్ డాడ్. షీ ఈజ్ హ్యాపీ."

ఇవానా ఆ కొసదాకా వెళ్లింది. అక్కడ నడవ మలుపు తిరుగుతుంది. ఆవిడా తిరిగి, మలుపు చూసుకుని, తాపీగా ఇటు వచ్చింది. అప్పటికి నేను వ్యాన్ దిగి నడవ అంచున వానలో నిలబడి ఉన్నాను. నన్ను చూసింది. గుర్తుపట్టలేదు. కానీ నేను తడవడం మాత్రం ఆవిడకి నచ్చలేదు. దగ్గరికి వచ్చి, నా మోచెయ్యి పట్టుకుని లోపలికి లాగింది, గోడ వైపుకి. ఇంగ్లీషు వెతుక్కుని మరీ చెప్పింది.

"లోపలికి రండి. మా ఊళ్లో ఎవరూ తడవరు."

అబిగేల్ ఫోను చేస్తే రవి కారు వచ్చింది. రెంజో దిగాడు. కేక వెయ్యలేదు, తిట్టలేదు. భార్య చెయ్యి తన మోచేతిలో వేసుకుని, నడవ చివరిదాకా ఒకసారి నడిపించి, వెనక్కి తెచ్చి, కార్లో కూచోబెట్టాడు. ఆయన చొక్కా బొత్తాలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని ఉన్నాడు.

మర్నాడు ఆదివారం. నేను కాఫీ కప్పుతో బయటికి వచ్చేసరికి స్వర్ణ గోంగూర మడిలో మోకాళ్ల మీద ఉంది.

"కోస్తున్నావా?"

"ఊ."

"వేళ్లతో సహా పీకేస్తున్నావేంటి?"

"ఆకు తుంపి కట్టలు కడతా. చర్చికి పట్టుకెళ్లండి." చేతి వెనకతో చెంప మీది మట్టి తుడుచుకుంది, అంటే ఇంకాస్త పూసుకుంది. "అన్ని జతలూ మనవి. ఆవిడవి రెండు కాళ్లు. నడిచే సందు లేక రోడ్డు మీదికి దిగిపోయింది."

"మరి అమరేశ్వరరావు గారు..."

"మీ పేరులో ఉన్న దానం ఎప్పుడైనా బయటికి తీస్తారా, లేకపోతే పాస్‌పోర్టులో దాచుకుంటారా?"

జోకులు వేసేది నేనని అందరూ అంటారు. అవి ఎక్కడి నుంచి వస్తాయో ఎవరూ అడగరు.

లొరెదానా ఆ మధ్యాహ్నం వచ్చింది. వాన సంగతి విన్నది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అమ్మ సంచి సర్దుతానంది. మా ఇంటి ముందు దున్నినట్టున్న మట్టినీ, దాని మీద తాడు పట్టుకుని కొలుస్తున్న తండ్రినీ, తాడు రెండో కొస పట్టుకుని నిలబడ్డ మా ఆవిణ్ణీ చూసింది.

"చలి మొదలయ్యేదాకా ఆగమ్మా," అంది స్వర్ణ ఇంగ్లీషులో. "అప్పటికీ మీ అమ్మ తప్పిపోవడం ఆగకపోతే నేనే నీ కార్లో ఎక్కిస్తాను."

లొరెదానా లోపలికి వెళ్లి అమ్మ పక్కన కూచుంది. సంచి మాత్రం సర్దలేదు.

సిటీ ఆఫీసు దానికి వరండా అని పేరు పెట్టి అనుమతి ఇచ్చింది. కట్టింది మాత్రం మా సంఘం. అకౌంటెంట్లూ, నర్సులూ, ఫోర్క్‌లిఫ్టు కుర్రాళ్లూ. ఒక్కడికీ తాపీ పట్టడం రాదు. రెంజో కుర్చీ వేసుకుని కూచుని మంగలి షాపులో అద్దం ముందు నిలబడ్డవాడిలా ప్రతి ఇటుకనీ అటూ ఇటూ తిప్పించి చూశాడు. రవి తన ఇంటి విలువ పడిపోతోందని రోజూ గొణుగుతూనే ఇటుకల బండి తోశాడు.

నాలుగో కమాను లేచిన రోజున అమరేశ్వరరావు గారు వచ్చారు. కారు దిగకుండానే చూశారు.

"కృపాదానం గారూ! ఇంటి ముందు ఏదీ కదపొద్దన్నాను కదండీ!"

"కదపలేదండీ, కట్టాం."

"కొనేవాడు అడుగుతాడు, ఇందులో నీదెంత, పక్కవాడిదెంత అని. ఏం చెప్పమంటారు?"

"నడక ఊరిదని చెప్పండి."

"ఊరిదైతే మీరెలా అమ్ముతారండీ?"

"అదేనండి అమ్మేశ్వరరావు గారూ, అమ్మట్లేదు."

ఆయన కారు దిగి, వచ్చి, నాలుగో కమాను కింద నిలబడి పైకి చూశారు. ఇరిగేషన్‌లో ఇలాంటివి వంతెనల కింద చాలా కట్టించానని చెప్పి, టీ తాగి వెళ్లారు. రిచ్‌మండ్ హిల్‌లో మేం చూసుకున్న ఇల్లు వేరే ఎవరో కొన్నారు.

సెప్టెంబర్ చివరికి ఆరు కమానులూ పూర్తయ్యాయి. ఇవానా మూడోది దాటి నాలుగోదాంట్లో అడుగు పెట్టినప్పుడు మేమంతా ఎవరి పనుల్లో వాళ్లున్నట్టు నటించాం. దాటింది. ఐదోదీ దాటింది. ఆరోదాని చివర ఆగి, ఆకాశం వైపు చూసింది. ఆరైనా ఒక చివరనేది ఉంటుంది కదా. ఈ సంగతి మా ఇద్దరు వాగుడుకాయల్లో ఒక్కడికీ తట్టలేదు.

స్వర్ణకి తట్టింది. అప్పటికే ఆరో కమాను స్తంభం దగ్గర ముక్కాలిపీట వేసుకుని, ఒళ్లో చాటతో చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఇవానా వంగి ఇటాలియన్‌లో ఏదో అడిగింది.

"అటు ఇంకా కట్టలేదమ్మా," అంది స్వర్ణ తెలుగులో. చేత్తో చూపించింది కూడా. "కడుతున్నారు."

ఇవానా అటు చూసి, సరేనన్నట్టు తలాడించి, వెనక్కి తిరిగింది.

"ఏం అడిగింది ఆవిడ?" అన్నాను.

"ఇంకెంత దూరమని."

"నీకు ఇటాలియన్ ఎప్పుడొచ్చింది?"

"బ్యాగు తగిలించుకుని పుట్టింటికి బయల్దేరిన ఆడది ఇంకేం అడుగుతుందండీ?"

రెంజో ఈ సంగతి విని ఆశ్చర్యపోలేదు. "మా ఊరి నడిబొడ్డున పెద్ద చర్చి ఉంది. ముందు గోడకి సగందాకా పాలరాయి, ఆ పైన ఒట్టి ఇటుక. వందల ఏళ్లయింది, ఇంకా అలాగే ఉంది. మా వాళ్లకి ఇంకా కట్టలేదు అని చెబితే కోపం రాదు కృపా. మళ్లీ వస్తాంలే అని వెళ్లిపోతారు."

చలి వచ్చింది. లొరెదానా ఆదివారాలు వచ్చి గోళ్లు కత్తిరించి వెళ్లేది. హోమ్ మాట ఎత్తలేదు. మంచు పడ్డాక స్వర్ణ ముక్కాలిపీట మీద దుప్పటి పరుచుకుంది. షిఫ్టు లేనప్పుడు నేను కూచునేవాణ్ణి, అబిగేల్ లాప్‌టాప్‌తో కూచునేది. ఆ చివర మా ఇంట్లో ఒక గది అయిపోయింది. ఆ శీతాకాలం, ఆ తరవాతిది కూడా ఇవానా ఆ ఇంట్లోనే గడిపింది. ఇప్పుడు నాలుగో కమాను దాకా వస్తుంది, రెంజో చెయ్యి పట్టుకుని. అక్కడే సరే అనుకుని తిరిగిపోతుంది. అందుకే ఆ మొదటి అక్టోబరు, ఆవిడ చేతిసంచి ఊపుకుంటూ ఆరుకి ఆరూ నడిచిన రోజులు నాకు పదే పదే గుర్తొస్తాయి.

ముఖ్యంగా ఒక మధ్యాహ్నం. సన్నగా వాన. రవి ఆ రోజు ఇంటి నుంచే పని. చెత్త బిన్ను లోపలికి లాక్కోడానికి వచ్చి తన ఖాళీ లాన్ మీద నిలబడి ఉన్నాడు, తల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని. ఇవానా ఆరో కమాను చివరికి వచ్చి ఆగింది. స్వర్ణని ఏదో అడిగింది.

"అటు ఇంకా కట్టలేదమ్మా," అంది స్వర్ణ.

ఇవానా లాన్‌ని చూసింది. లాన్ మీద తడుస్తున్న రవిని కింద నుంచి పైకి చూసింది. పని ఒప్పుకుని ఆలస్యం చేసిన మేస్త్రీని చూసినట్టు చూసి, ఒక మాట అని, వెనక్కి తిరిగి నడిచిపోయింది.

రవి బిన్ను వదిలేసి మా కమాను కిందికి వచ్చాడు.

"అక్కా, ఏమన్నదక్కా నన్ను?"

స్వర్ణ చాటలోంచి తల ఎత్తలేదు.

"నీ వంతు ఎప్పుడని అడిగింది."